బెంగాల్ రాజవంశాల పాఠాలు: కడప కోచింగ్ సంస్థ రికార్డు కోర్సుపై ఒక సమీక్ష

కడప ఏడు రోడ్ల కూడలికి కూతవేటు దూరంలో ఉన్న ఒక కోచింగ్ సంస్థ, గ్రూప్స్‌కూ సివిల్స్‌కూ చదివే అభ్యర్థుల కోసం ప్రాంతీయ రాజవంశాల చరిత్రను తెలుగులో పాఠాలుగా రికార్డు చేసి అమ్ముతోంది. అందులో బెంగాల్ ప్రాచీన, మధ్యయుగ రాజవంశాల భాగం మా డిగ్రీ విద్యార్థులకు పనికివస్తుందేమో చూద్దామని కొని, మొదటి పాఠం నుంచి చివరి పాఠం దాకా విన్నాను. ఇరవై రెండు వీడియో పాఠాలు, అచ్చు నోట్సు, గోడకు తగిలించుకునే కాలపట్టిక కలిపి ఇస్తారు. ధర రెండు వేల రూపాయల లోపే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాల, సేన వంశాల పాఠాల కోసమైనా ఈ కోర్సు కొనదగినది. సుల్తానుల భాగానికి మాత్రం పక్కన మంచి పుస్తకం ఒకటి పెట్టుకోవాలి. కాలపట్టికను సరిచూసుకోకుండా పరీక్ష హాలుకు వెళ్లకూడదు.

తెలుగు మాధ్యమంలో చరిత్ర చదివే విద్యార్థికి బెంగాల్ ముక్కలు ముక్కలుగానే అందుతుంది. హర్షుని పాఠంలో శత్రువుగా శశాంకుడు, కన్నౌజ్ కోసం జరిగిన త్రైపాక్షిక పోరాటంలో మూడో పక్షంగా ధర్మపాలుడు, భక్తియార్ ఖిల్జీ రాగానే పారిపోయిన ముసలి రాజుగా లక్ష్మణసేనుడు కనిపించి మాయమవుతారు. వీళ్ల మధ్య ఉన్న శతాబ్దాలలో ఆ నేల మీద ఎవరు పాలించారు, ఆ సంగతి మనకు ఎలా తెలిసింది అన్న ప్రశ్నలకు మన పాఠ్యపుస్తకాలలో చోటు దొరకదు. ఈ కోర్సులో పాఠం చెప్పిన అధ్యాపకుడు రెండో ప్రశ్నను గట్టిగా పట్టుకున్నారు. రాజు పేరు చెప్పిన ప్రతిచోటా అది ఏ శాసనంలో ఉంది, ఆ శాసనం ఎక్కడ దొరికింది, అందులో ఏముంది అని వెంటనే చెబుతారు. మిగతా లోపాలు ఎన్ని ఉన్నా ఈ ఒక్క పద్ధతి వల్ల పాఠాలకు బలం వచ్చింది.

మొదటి పాఠాలు ప్రాంతాల పేర్లతో మొదలవుతాయి. ఉత్తరాన పుండ్రవర్ధనం, పడమట రాఢ, దక్షిణంలో వంగ, తూర్పున సమతట, హరికేళ, సముద్రం అంచున తామ్రలిప్తి అనే రేవు. ఇవన్నీ వేర్వేరు నాడులుగా ఉండేవని, అన్నీ ఒకే పాలన కిందికి వచ్చి ‘బంగాళా’ అన్న ఒకే పేరు నిలబడింది 14వ శతాబ్దంలోనేనని మొదటి రోజే చెప్పడం మంచి ఆలోచన. నేటి బంగ్లాదేశ్‌లోని మహాస్థాన్‌గఢ్‌లో 1931లో దొరికిన చిన్న బ్రాహ్మీ శాసనాన్ని తెరపై చూపించి, కరువు కాలంలో ధాన్యాగారం నుంచి ప్రజలకు సాయం చేయాలని మౌర్యుల కాలంలో వచ్చిన ఆజ్ఞగా దానిని వివరించారు. గుప్తుల భాగం వేగంగా గడిచిపోతుంది. దామోదర్‌పూర్ రాగి రేకుల ద్వారా భూముల క్రయవిక్రయాలు స్థానిక అధికార సభ ముందు ఎలా జరిగేవో చెప్పి వదిలేశారు. అక్కడ ఇంకాస్త ఆగి ఉంటే బాగుండేది, ఎందుకంటే భూమి కొలతలు, ధరలు, పత్రాలు చూసే అధికారుల పేర్లు అంత వివరంగా దొరికే గుప్తకాలపు ఆధారాలు తక్కువ.

ఇక్కడ ఆయన చెప్పిన ఒక విషయం మన జిల్లా విద్యార్థికి వెంటనే తలకెక్కుతుంది. ఇంటి అరుగు నుంచి పొలం గట్టు దాకా కడప బండ పరిచి ఉన్న మన సీమలో రాజులు తమ మాటను రాతి మీద చెక్కించారు. 575 ప్రాంతపు కలమళ్ళ శాసనం కూడా రాతి మీదే ఉంది. గంగా, బ్రహ్మపుత్ర నదులు తెచ్చిపోసిన ఒండ్రు నేల అయిన బెంగాల్ మైదానంలో రాయి దొరకదు. అందుకే అక్కడ దానాలు రాగి రేకుల మీదికి, గుడులు, విహారాలు ఇటుకలోకి, శిల్పం కాల్చిన మట్టి పలకల్లోకి వెళ్లాయి. నల్లరాతి విగ్రహాలకు కావలసిన రాయి రాజమహల్ కొండల నుంచి వచ్చేది. నదులు దారి మార్చుకున్నప్పుడల్లా నగరాలే కనుమరుగయ్యాయి కనుక, పొలం దున్నుతుంటే బయటపడిన రేకులే అక్కడి చరిత్రకు ప్రధానాధారాలయ్యాయి. శాసనాలు రాతి మీద ఎందుకు, రాగి మీద ఎందుకు అన్న ప్రశ్నకు ఇంత సూటిగా జవాబు చెప్పిన తెలుగు పాఠం నేను వినలేదు.

శశాంకుని పాఠం కూడా న్యాయంగా ఉంది. బాణుడు హర్షుని ఆస్థానకవి, చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ హర్షుని ఆదరణ పొందినవాడు. ఈ ఇద్దరి రాతల్లో శశాంకుడు దుర్మార్గుడు కావడంలో ఆశ్చర్యం లేదు. అధ్యాపకుడు వాళ్లను తోసిపుచ్చకుండా, పక్కన మిగతా ఆధారాలను నిలబెట్టారు. రోహ్తాస్‌గఢ్ కొండ మీది ముద్రలో అతడు ఇంకా ‘మహాసామంతుడు’ మాత్రమే. 619-20 నాటి గంజాం రాగి రేకుల్లో శైలోద్భవ రాజు అతనిని తన సార్వభౌమునిగా చెప్పుకున్నాడు. అంటే ఒక సామంతుడు కొద్ది ఏళ్లలో ఒడిశా తీరం దాకా అధికారం చాపాడన్నమాట. బోధివృక్షాన్ని నరికించాడని రాసిన అదే హ్యూయన్‌త్సాంగ్, శశాంకుని రాజధాని కర్ణసువర్ణం దగ్గర పదికి పైగా బౌద్ధ విహారాలు ఉన్నాయని కూడా రాశాడు. వాటిలో రక్తమృత్తిక విహారం పేరున్న మట్టి ముద్రలు ముర్షిదాబాద్ జిల్లాలో 1960ల తవ్వకాలలో దొరికాయి. మెయిన్స్ జవాబులో ఈ రెండు వైపులనూ పక్కపక్కన పెట్టగలిగిన విద్యార్థి తప్పకుండా నిలబడతాడు.

కోర్సుకు ప్రాణం ఖాలిమ్‌పూర్ శాసనం మీది పాఠం. మాల్దా జిల్లాలో గౌడ్ శిథిలాలకు దగ్గరలోని ఒక పల్లెలో, 19వ శతాబ్దం చివరలో దొరికిన ఈ రేకు ధర్మపాలుని 32వ పాలనా సంవత్సరానికి చెందినది. శశాంకుని తరువాత శతాబ్దానికి పైగా సాగిన అరాచకాన్ని ఈ శాసనం మత్స్యన్యాయం అంటుంది. పెద్ద చేప చిన్న చేపను మింగే ఆ స్థితిని తొలగించడానికి ‘ప్రకృతులు’ (ప్రజలు, లేదా రాజ్యంలోని ప్రముఖులు) పాల వంశ మూలపురుషుడు గోపాలుని చేత రాజ్యలక్ష్మి చేయి పట్టించాయి అని ఆ శ్లోకం చెబుతుంది. సుమారు 750 నాటి ఈ సంఘటనను ప్రజాస్వామ్య ఎన్నికగా చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం చాలామంది చేసే పని. ఈ అధ్యాపకుడు ఆ దారిలో వెళ్లలేదు. గోపాలుని ఎంచుకున్నది సామాన్య ప్రజలా, లేక తమలో తాము కొట్టుకుని అలసిపోయిన స్థానిక నాయకులా అన్న వాదాన్ని విప్పి, రెండో దానికే ఎక్కువ బలం ఉందని చెబుతూ, ఈ మాట చెప్పినది ఆ వంశపు రెండో రాజు ఇచ్చిన శాసనమేనని గుర్తుచేశారు.

అంతకంటే నాకు నచ్చింది, అందరూ ఆ ఒక్క శ్లోకం దగ్గర ఆగిపోయే శాసనాన్ని ఆయన చివరి పంక్తి దాకా చదివించడం. పాటలీపుత్రంలోని విడిది నుంచి ధర్మపాలుడు ఈ దానం చేశాడు. అక్కడ భాగీరథి మీద వరుస కట్టిన నావలు, వారధి కోసం ముంచిన కొండ శిఖరాల్లా ఉన్నాయట. బౌద్ధుడైన రాజు ఇచ్చిన నాలుగు ఊళ్లూ విష్ణ్వాలయానికి చెందుతాయి. అడిగినవాడు నారాయణవర్మ అనే మహాసామంతాధిపతి. ఆ తరువాత పొలిమేరలు వస్తాయి. పడమట గంగినిక అనే పాయ, ఉత్తరాన కాదంబరి దేవత చిన్న గుడి, దాని పక్కన ఒక ఖర్జూర చెట్టు, ఈశాన్యంలో రాజపుత్ర దేవటుడు వేయించిన గట్టు. అధ్యాపకుడు ఈ గుర్తులను బోర్డు మీద గీసి, దిక్కులు పెట్టి, ఊరి చుట్టూ నడిపించినట్టుగా చూపించారు. పన్నెండు వందల ఏళ్ల కిందటి ఒక ఊరి పొలిమేర కళ్లముందు నిలిచింది. మా విద్యార్థులు వంశవృక్షాలను మరచిపోయినా ఆ ఖర్జూర చెట్టును మరచిపోలేదు.

దేవపాలుని పాఠంలో నాలందా రాగి రేకును తీసుకుని, సువర్ణద్వీపపు (నేటి సుమత్రా ప్రాంతం) శైలేంద్ర రాజు బాలపుత్రదేవుడు నాలందాలో కట్టించిన విహారానికి పాల రాజు ఐదు ఊళ్లు ఇచ్చిన సంగతిని వివరించారు. సోమపుర మహావిహారం, అంటే నేటి పహాడ్‌పూర్, గురించి చెప్పినప్పుడు నేలపటాన్ని తెర మీద పెట్టి, నాలుగు వైపులా ఉన్న 177 గదులను, నడుమ శిలువ ఆకారంలో లేచిన ఆలయాన్ని చూపించడం బాగుంది. 1985లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మొదటి మహీపాలుని దగ్గరికి వచ్చేసరికి దక్షిణాది కథ కూడా కలుస్తుంది. 1020ల ఆరంభంలో రాజేంద్రచోళుని సేనలు గంగ దాకా సాగినప్పుడు ఎదుర్కొన్న రాజుల పేర్లు తిరుమలై శాసనంలో ఉన్నాయి. దండభుక్తిలో ధర్మపాలుడు, దక్షిణ రాఢలో రణశూరుడు, వంగాళదేశంలో గోవిందచంద్రుడు, ఆపైన మహీపాలుడు. ఒకే దండయాత్రలో ఇన్ని పేర్లు రావడమే, అప్పటికి పాలుల అధికారం ఎంత కుదించుకుపోయిందో చెబుతుందని ఆయన చూపిన తీరు చక్కగా ఉంది. ధర్మపాలుడన్న పేరు చూసి ఖాలిమ్‌పూర్ రాజుతో కలిపేయవద్దని హెచ్చరించడం కూడా మరచిపోలేదు.

కైవర్తులనే కులంవారి తిరుగుబాటు పాఠాన్ని నేను రెండుసార్లు విన్నాను. 11వ శతాబ్దం చివరి భాగంలో ఉత్తర బెంగాల్‌లోని వరేంద్రిలో దివ్యుడనే నాయకుడు లేచాడు, రెండో మహీపాలుడు హతుడయ్యాడు, రుదోకుడు, అతని తరువాత భీముడు ఏలారు, రామపాలుడు సామంతులందరినీ బతిమాలి సైన్యం కూడగట్టుకుని భీముని ఓడించి వరేంద్రిని తిరిగి తెచ్చుకున్నాడు. ఈ కథకు ప్రధానాధారం సంధ్యాకరనంది రాసిన రామచరితం. ప్రతి శ్లోకం ఒకవైపు రామాయణ రాముని కథను, మరొకవైపు రామపాలుని కథను చెప్పే ద్వ్యర్థి కావ్యం అది. ద్వ్యర్థి కావ్యమంటే తెలుగు విద్యార్థికి వివరించనక్కరలేదు గనుక ఈ పాఠం తెలుగులో మరింత సులువుగా ఎక్కుతుంది. సీతను తిరిగి తెచ్చుకోవడం అంటే వరేంద్రిని తిరిగి తెచ్చుకోవడం. అలాంటప్పుడు భీముడు రావణుని చోటుకు పోక తప్పదు. కవి రాజపక్షం వాడని తెలిసి చదవాలి. 1897లో హరప్రసాద శాస్త్రి నేపాల్‌లో ఈ తాళపత్ర ప్రతిని కనుగొన్నారనీ, దానితో పాటు దొరికిన వ్యాఖ్యానం కొంతవరకే ఉన్నందువల్ల మిగతా శ్లోకాలలో చారిత్రకార్థం తేల్చడం కష్టమైందనీ వివరించి, ఇది రైతుల తిరుగుబాటా, అధికారుల తిరుగుబాటా అన్న చర్చను తేల్చకుండా వదిలిన నిజాయితీని మెచ్చుకోవాలి.

ఢాకా దగ్గరి విక్రమపురం నుంచి ఏలిన చంద్రవంశానికి, ఆ తరువాతి వర్మలకు కలిపి ఒక్క పాఠమే ఇచ్చారు. శ్రీచంద్రుడు సిల్హెట్ ప్రాంతంలో వేలమంది బ్రాహ్మణులకు భూములిచ్చిన పశ్చిమభాగ్ రేకు ప్రస్తావన వచ్చి వెంటనే పోతుంది. అడవిని, చిత్తడిని సాగులోకి తెచ్చిన క్రమాన్ని చెప్పడానికి అంతకంటే మంచి ఆధారం దొరకదు.

సేనుల పాఠాలు మన రాయలసీమ పాఠకులకు సొంత కథలా వినిపిస్తాయి. విజయసేనుని పొగిడే దేవపాడ ప్రశస్తి శాసనం ప్రకారం సేనుల పూర్వీకులు దక్షిణాది రాజుల వంశంవారు. సామంతసేనుడు కర్ణాట లక్ష్మిని దోచుకోవచ్చిన శత్రువులను చంపి, వయసు మళ్లాక గంగాతీరపు ఆశ్రమాల వైపు వెళ్లాడు. పాలుల శాసనాలలో సైన్యానికి సంబంధించిన జాబితాలో గౌడ, మాళవ, ఖశ, హూణ, కుళిక పేర్లతో పాటు కర్ణాట, లాట పేర్లూ కనిపిస్తాయి. కల్యాణి చాళుక్యులు తూర్పు వైపు చేసిన దండయాత్రలూ ఆ కాలానివే. అనంతపురం, కర్నూలు ప్రాంతాలలో ఊరూరా శాసనాలు వదిలిన ఆ చాళుక్యుల సేనలతోనో, పాలుల కొలువులోని సైనికులుగానో ఈ కుటుంబం అక్కడికి చేరి ఉంటుందని చరిత్రకారులు ఊహిస్తారు. ఊహను ఊహగానే చెప్పిన అధ్యాపకుడు, విజయసేనుని కాలానికి ఆ కుటుంబం ఎలా రాజ్యమేలే వంశమయిందో నిదానంగా వివరించారు. బల్లాలసేనుడు గ్రంథకర్త కూడా అన్న సంగతి, లక్ష్మణసేనుని కొలువులో జయదేవుడు, ధోయి, ఉమాపతిధరుడు, గోవర్ధనుడు, శరణుడు ఉన్నారన్న సంగతి చెబుతూ, ధోయి పవనదూతంలో మలయపర్వతం మీది గంధర్వకన్య దక్షిణపు గాలి చేత బెంగాల్ రాజుకు కబురు పంపుతుందని గుర్తుచేశారు. జయదేవుని అష్టపదులు మన ఇళ్లలో పాడుకునే పాటలే కనుక ఆ కొలువు మనకు దూరమనిపించదు.

భక్తియార్ ఖిల్జీ పద్దెనిమిది మంది గుర్రపు రౌతులతో నదియాలోకి చొరబడిన కథను కూడా చక్కగా తూచారు. దానిని రాసిన మిన్హాజ్ కొన్ని దశాబ్దాల తరువాత విన్నది రాశాడు. ముందు వచ్చింది చిన్న దళమే అయినా వెనుక సైన్యం ఉందని అతని రాతలోనే తెలుస్తుంది. నదియా పోయింది 1204-05లో. లక్ష్మణసేనుడు తూర్పున విక్రమపురానికి వెళ్లాడు, అతని కొడుకులు విశ్వరూపసేనుడు, కేశవసేనుడు అక్కడి నుంచి శాసనాలిచ్చారు.

ఇక్కడిదాకా ఇంత శ్రద్ధతో వచ్చిన కోర్సు, 1205 నుంచి 1576 దాకా ఉన్న సుల్తానుల చరిత్రను మూడు పాఠాలలో కుక్కడం నాకు బాధ కలిగించింది. ఢిల్లీ పట్టు విడిపించుకుని, తూర్పు బెంగాల్‌లోని సోనార్‌గావ్‌ను కూడా కలుపుకుని, బెంగాల్ అంతటినీ ఏకం చేసిన షంసుద్దీన్ ఇలియాస్ షా గురించి పది నిమిషాలు కూడా లేవు. ఫిరోజ్ షా తుగ్లక్ రెండుసార్లు దండెత్తినా ఏక్‌డాలా కోట లొంగకపోవడం, ఇలియాస్ షా కొడుకు సికందర్ షా పాండువాలో ఉపఖండంలోకెల్లా పెద్ద మసీదులలో ఒకటైన అదీనా మసీదును కట్టించడం, హిందూ జమీందారు రాజా గణేశుని కొడుకు జలాలుద్దీన్‌గా మారి సింహాసనమెక్కి 1433 దాకా ఏలడం వరుసగా చదివి వినిపించారు. శాసనం ఏమంటోంది, నాణెం ఏమంటోంది అన్న అలవాటు ఇక్కడ ఒక్కసారిగా ఆగిపోయింది. సుల్తానుల నాణేలు, మసీదుల అరబ్బీ శాసనాలు విరివిగా దొరుకుతున్నాయి కాబట్టి ఆధారాలు లేక కాదు. అల్లాఉద్దీన్ హుసేన్ షా కాలంలో చిట్టగాంగ్ అధికారి పరాగల్ ఖాన్ కవీంద్ర పరమేశ్వరుని చేత మహాభారతాన్ని బెంగాలీలో రాయించిన ముచ్చటను ఒక్క వాక్యంలో తేల్చేశారు. గోల్కొండ సుల్తాను మల్కిభరాముని (ఇబ్రహీం కుతుబ్ షా) కొలువులో తెలుగు కావ్యాలు వెలసిన సంగతి తెలిసిన మనకు అది నిలబడి వినవలసిన ఘట్టం.

విష్ణుపురం మల్ల రాజులు అసలు లేరు. 1600 ప్రాంతపు రాసమంచం, 1655 నాటి జోడ్‌బంగ్లా ఆలయం వంటి కట్టడాలు, బెంగాల్ పూరింటి చూరు వంపును ఇటుకలోకి తెచ్చిన తీరు చెప్పకుండా బెంగాల్ రాజవంశాలు పూర్తయ్యాయనడం కుదరదు. కోచ్ రాజుల ఊసూ లేదు. కోర్సు 1576 రాజమహల్ యుద్ధంలో దావూద్ ఖాన్ కర్రానీ పతనంతో ఆగింది గనుక, ఆ తరువాతి మొఘల్ సుబేదార్లను అడగడం న్యాయం కాదు. అయినా కడపలో తయారైన పాఠంలో, 1650లో గోల్కొండ తరఫున మన గండికోటను పట్టుకున్న మీర్ జుమ్లాయే 1660లో బెంగాల్ సుబేదారై ఢాకాను మళ్లీ రాజధానిగా చేశాడని ఒక మాట వేసి ఉంటే విద్యార్థి మనసులో రెండు ప్రాంతాలూ ఒకే పటం మీదికి వచ్చేవి. చైతన్యుని దక్షిణ యాత్రలో అహోబిలం, సిద్ధవటం పేర్లు కూడా అలాగే వినిపించవలసినవి.

పాఠాల ధ్వని స్పష్టంగా ఉంది, బోర్డు అక్షరాలు ఫోనులో కూడా చదవగలం. పటాలు మాత్రం సరిపోవు: కరతోయ, భాగీరథి, పద్మ నదులు లేకుండా గీసిన బెంగాల్ పటం మీద వరేంద్రి ఎక్కడో, సమతట ఎక్కడో విద్యార్థి గుర్తించలేడు. అచ్చు నోట్సులో ఒకే ఊరు ఒక పేజీలో లఖ్నౌతి, మరో పేజీలో లక్ష్మణావతి, ఇంకో పేజీలో గౌడ్ అని ఉంది. మూడూ ఒకటేనని ఎక్కడా రాయలేదు. ప్రతి పాఠం చివర ఇచ్చిన బిట్లు సాదాసీదాగా ఉన్నాయి, మెయిన్స్ ప్రశ్నలు మాత్రం ఆలోచించి తయారుచేసినవి. సందేహాల గ్రూపులో నేను అడిగిన వాటికి అధ్యాపకుడే స్వయంగా, శాసనం పేరుతో సహా జవాబిచ్చారు.

కాలపట్టికలోని తప్పుల గురించి సంస్థ కార్యాలయంలో చెప్పినప్పుడు, తరువాతి ముద్రణలో సరిచేస్తామన్నారు. ఈలోగా కొన్నవాళ్లు పెన్నుతో దిద్దుకోవలసినవి ఇవి. బెంగాల్ సుల్తానత్ స్థాపన దగ్గర 1342 అని మాత్రమే ఉంది. ఇలియాస్ షా లఖ్నౌతి గద్దెనెక్కిన ఏడాది అది, సోనార్‌గావ్ కూడా చేతికొచ్చి బెంగాల్ ఒక్కటైంది 1352లో. 1206 దగ్గర సేన వంశం అంతం అని ఉన్న గీతను కొట్టేసి, విక్రమపురంలో విశ్వరూపసేనుడు, కేశవసేనుడు అని రాసుకోవాలి. రామపాలునితో పాల వంశం ముగిసినట్టు చూపిన చోట కుమారపాలుడు, మూడో గోపాలుడు, మదనపాలుడు అని చేర్చుకోవాలి. మదనపాలుడు 12వ శతాబ్దం నడుమ దాకా ఉన్నాడు. తన పట్టపురాణి చిత్రమతికకు మహాభారతం చదివి వినిపించినందుకు వటేశ్వరస్వామి అనే బ్రాహ్మణునికి ఊరిచ్చిన మనహళి రాగి రేకు అతనిదే.